కాన్సెప్చువల్ ఆర్ట్‌ని అరటిపండుతో కొలవొద్దు

2024 నవంబర్‌లో న్యూయార్క్ సదబీస్ వేలంలో, గోడకు టేపుతో అంటించిన ఒక అరటిపండు 62 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. చేసింది ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్, కొన్నది ఒక క్రిప్టో వ్యాపారి. కొద్ది రోజులకే ఆయన హాంకాంగ్‌లో విలేకరులను పిలిచి దాన్ని తినేశాడు కూడా. 'ఇదా కళంటే? డబ్బున్నవాళ్ల వేషాలు' అని అనిపించడం సహజం. ఆ విసుగులో న్యాయం ఉంది. కానీ ఆ కోపం మొత్తం కాన్సెప్చువల్ ఆర్ట్ మీదికి, అంటే వస్తువు కంటే దాని వెనుక ఆలోచనే ముఖ్యమనే కళ మీదికి, మళ్లడం మాత్రం అన్యాయం. ఏది కళో ఏది కాదో తేల్చే అధికారం ఎవరిదని నిలదీయడానికే పుట్టిన కళ ఇది.

మూలం కోసం 1917కి వెళ్లాలి. న్యూయార్క్‌లో సొసైటీ ఆఫ్ ఇండిపెండెంట్ ఆర్టిస్ట్స్ ఒక పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఎంపిక కమిటీ లేదు, బహుమతులు లేవు, ఆరు డాలర్లు కట్టిన ఎవరి పనైనా పెడతామని ప్రకటించింది. అప్పుడు 'ఆర్. మట్' అనే పేరుతో ఒక పింగాణీ యూరినల్ వచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, సంతకం చేసి, 'ఫౌంటెన్' అని పేరు పెట్టారు. ఆ పేరు వెనుక ఉన్నది ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్. ఆయన ఆ సంఘం డైరెక్టర్లలో ఒకరు. రుసుము కట్టినా సరే, వాదోపవాదాల తర్వాత దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. డ్యూషాంప్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత అసలు వస్తువే కనిపించకుండా పోయింది. మిగిలింది ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో. ఇవాళ పెద్ద మ్యూజియాల్లో మనం చూసేవి చాలావరకు 1964లో డ్యూషాంప్ అనుమతితో తయారైన నకళ్లు.

అంటే సరుకు పోయినా పని నిలిచింది. అప్పట్లో 'ది బ్లైండ్ మ్యాన్' అనే చిన్న పత్రిక దీన్ని సమర్థిస్తూ రాసిన మాటల సారాంశం ఇది: మట్ గారు దాన్ని సొంత చేతులతో చేశారా లేదా అన్నది ముఖ్యం కాదు, ఆయన దాన్ని ఎంచుకున్నారు, ఆ వస్తువుకు కొత్త ఆలోచన ఇచ్చారు. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. అందరికీ తలుపులు తెరిచామన్న సంఘం మాట తప్పింది, ఆ సంగతి బయటపడింది.

ఈ ఆలోచన ఒక ఉద్యమంగా మారింది 1960లలో. హెన్రీ ఫ్లింట్ 1961లోనే 'కాన్సెప్ట్ ఆర్ట్' అన్న మాట వాడాడు. 1967లో అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో రాసిన వ్యాసంలో, ఆలోచనే కళను తయారుచేసే యంత్రం అవుతుందన్నాడు. జోసెఫ్ కొసూత్ ఒక కుర్చీ, దాని ఫొటో, నిఘంటువులో ఆ మాటకున్న అర్థం పక్కపక్కన పెట్టాడు. నాకు కొసూత్ కాస్త పాఠం చెబుతున్నట్టు అనిపిస్తాడు. లెవిట్ అలా కాదు.

1971లో లెవిట్ ఇచ్చిన ఒక సూచన చూడండి. గోడ మీద గట్టి పెన్సిల్‌తో ఎక్కడపడితే అక్కడ యాభై చుక్కలు పెట్టండి, అవి గోడంతా సమంగా పరుచుకోవాలి, అన్ని చుక్కలనూ సరళరేఖలతో కలపండి. అంతే. చుక్కలు ఎక్కడ పడాలో గీసేవాళ్లు తేల్చుకోవాలి. సమంగా ఉండాలంటే ఎక్కడపడితే అక్కడ పెట్టడం కుదరదు. ఆ చిక్కు గీసేవాళ్ల నెత్తిన పడుతుంది. ప్రతి చుక్క నుంచి 49 గీతలు, మొత్తం 1,225 గీతలు. రెండు చోట్ల గీస్తే రెండు వేర్వేరు బొమ్మలొస్తాయి. ప్రదర్శన అయ్యాక సున్నం వేసి చెరిపేయొచ్చు. త్యాగయ్య కీర్తన ఎవరు పాడినా త్యాగయ్యదే అయినట్టు, ఎవరు గీసినా అది లెవిట్‌దే. ఆయన 2007లో పోయాక కూడా ఆ గోడబొమ్మలు కొత్తగా గీస్తూనే ఉన్నారు.

చేతిలో పట్టుకునే వస్తువే లేకపోతే అమ్మేదేముంది అని ఆ తరంలో చాలామంది ఆశపడ్డారు. ఆ ఆశ ఫలించలేదు. వస్తువుకు బదులు సర్టిఫికెట్ కొనడం మార్కెట్ నేర్చుకుంది. అరటిపండు కొన్నాయన చేతికి వచ్చిందీ ప్రధానంగా ఒక సర్టిఫికెట్, అంటించే పద్ధతి చెప్పే కాగితాలు. అయితే తేడా చూడాలి. 'ఫౌంటెన్'ని కాదన్న సంఘం ఇరుకున పడింది. అరటిపండు వల్ల ఎవరూ ఇరుకున పడలేదు.

ఇరుకున పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. బ్రెజిల్‌లో సైనిక పాలన నడుస్తుండగా, 1970లో సిల్డో మీరెలెస్ ఖాళీ కోకాకోలా సీసాల మీద తెల్ల అక్షరాలతో రాజకీయ నినాదాలు ముద్రించి తిరిగి దుకాణాలకు పంపాడు. ఖాళీ సీసా మీద ఆ రాత దాదాపు కనపడదు. ఫ్యాక్టరీలో నల్లటి పానీయం నింపగానే పైకి తేలుతుంది. 1975లో జర్నలిస్టు వ్లాదిమిర్ హెర్జోగ్ సైనిక నిర్బంధంలో చనిపోతే, అధికారులు ఆత్మహత్య అన్నారు. మీరెలెస్ కరెన్సీ నోట్ల మీద 'హెర్జోగ్‌ను చంపిందెవరు?' అని ముద్ర వేసి చలామణిలోకి వదిలాడు. డబ్బును ఎవరూ చించి పారేయరు కదా.

1971లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం కోసం హాన్స్ హాకే చేసిన పని ఇంకా సాదాసీదాగా ఉంటుంది. పేదలుండే 142 భవనాలు, స్థలాల ఫొటోలు, ఒక్కోదానికి టైపు చేసిన వివరాలు: చిరునామా, కాగితాల మీద యజమాని పేరు, తాకట్టు లెక్కలు. అన్నీ ప్రభుత్వ రికార్డుల్లో ఎవరైనా చూడగలిగినవే. వరుసగా చదివితే వేర్వేరు కంపెనీల పేర్ల వెనుక ఒకే కుటుంబం, దాని వ్యాపార భాగస్వాములు బయటపడతారు. మ్యూజియం డైరెక్టర్ ప్రదర్శన రద్దు చేశాడు. హాకే పక్షాన నిలిచిన క్యూరేటర్ ఎడ్వర్డ్ ఫ్రై ఉద్యోగం పోయింది. ఇందులో పనితనం ఏముందని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ టైపు కాగితాలనే. అదే వాడల దైన్యాన్ని ఎవరైనా తైలవర్ణంలో చిత్రిస్తే ఆ మ్యూజియం భయపడి ఉండేదని నేననుకోను.