సీతాకోకచిలుకలు కావాలంట, పురుగులు మాత్రం వద్దంట

మా అపార్ట్‌మెంట్లో బటర్‌ఫ్లై గార్డెన్ ప్రారంభోత్సవం దిగ్విజయంగా ముగిసిందని సవినయంగా తెలియజేసుకుంటున్నాను. పటమట చరిత్రలో ఇంతటి పర్యావరణ విప్లవం జరిగిన దాఖలాలు లేవు. ఇనప ఊచల చివర ఫైబర్ సీతాకోకచిలుకలు, ఒక్కోటీ జటాయువంత ఉంది, రాత్రయితే రంగులు మారుతూ వెలుగుతాయి కూడా. కింద కొరియన్ గ్రాస్, మధ్యలో 'ఐ లవ్ నేచర్' అని సెల్ఫీ పాయింట్. రిబ్బన్ కటింగ్ అయ్యాక సమోసాలు పంచారు. అన్నీ బానే ఉన్నాయి గానీ గార్డెన్ మొత్తం వెతికినా ఒక్క పువ్వు లేదు.

పువ్వులున్నది పార్కింగ్ వెనకాల గోడ పక్కన. నేను వేసిన తంగేడు. కొండపల్లి వైపు రోడ్డు పక్కన ఎండిన కాయలు కోసుకొచ్చా, పైసా ఖర్చు లేదు. గింజ మహా మొండిది లెండి, పెంకు గట్టిగా ఉండి నీళ్లు లోపలికి పోవు, అందుకని ఉప్పుకాగితం మీద కాస్త రుద్ది నానబెట్టి గానీ, వేడినీళ్లు పోసి రాత్రంతా వదిలేసి గానీ, ఉబ్బినవాటిని ఏరి మట్టి నింపిన కవర్లలో పెట్టుకోవాలి. తల్లివేరు లోతుకి దిగే రకం కాబట్టి చిన్నగా ఉన్నప్పుడే నేలలోకి మార్చేయాలి. ఆ తర్వాత దానికి మన సేవలు పెద్దగా అక్కర్లేదు. బెజవాడ మే నెల ఎండకి మనం ఏసీ కింద దాక్కుంటాం, అది బయటే నిలబడి ఉంటుంది.

పూసింది, నల్ల తుమ్మెదలు దిగాయి. తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఉండేది పుప్పొడే, అదీ కేసరం కొసన ఉన్న సన్న బెజ్జంలోంచి రావాలి. మామూలు తేనెటీగకి ఆ విద్య తెలీదు, తుమ్మెద అయితే పువ్వుని పట్టుకుని జుయ్యిమని ఒళ్లు వణికించి రాలగొట్టుకుంటుంది. ఆ చప్పుడు కోసమే కాఫీ గ్లాసు పట్టుకుని కిందికి వెళ్లేవాణ్ణి. వెనకే ఎమిగ్రెంట్ అనే రకం లేతరంగు సీతాకోకచిలుకలు వచ్చి ఆకుల మీద గుడ్లు పెట్టాయి. గుడ్లు పెడితే పురుగులొస్తాయి కదా. వచ్చాయి.

అంతే, అత్యవసర సర్వసభ్య సమావేశం.

మొదటి అంశం, తంగేడు స్థానికత. మూడో ఫ్లోర్ ఆయన లేచి "మాస్టారూ ఏమనుకోకండి, తంగేడు తెలంగాణ వాళ్ల రాష్ట్ర పుష్పం కదా, మనది మల్లె అని 2018లోనే ప్రకటించారు, మరి ఇక్కడెందుకండీ" అన్నారు. చప్పట్లు. 2014కి ముందు నుంచీ ఉందండీ కొండపల్లి రోడ్డు పక్కన, ఎమ్మార్వో ఆఫీసు నుంచి స్థానికత సర్టిఫికెట్ తెమ్మంటారా అన్నాను. తెస్తే ఫైల్లో పెడతామన్నారు. కొరియన్ గడ్డిని మాత్రం ఎవరూ ఏ ఊరమ్మా నీది అని అడగలేదు.

రెండో అంశం, తుమ్మెదలు లిఫ్ట్‌లోకి వస్తే బాధ్యత ఎవరిది. దీని మీద గంటసేపు. మెష్ వేయిద్దామని ఒకరు, తుమ్మెద కుడితే డెంగీ వస్తుందా అని ఇంకొకరు, లిఫ్ట్ డోర్ దగ్గర బోర్డు పెడదామని ట్రెజరర్ గారు, బోర్డు తెలుగులోనా ఇంగ్లీషులోనా అని మళ్లీ పావుగంట. తుమ్మెదకి ఏ భాషైనా ఒకటే అన్నాను, మినిట్స్‌లో రాయలేదు.

మూడో అంశం పురుగులు. "పిల్లలు భయపడతారండీ, సీతాకోకచిలుకలంటే మాకూ ఇష్టమే, ఈ పురుగులే అసహ్యం" అన్నారు సెక్రటరీ గారు. ఆ పురుగే రేపు సీతాకోకచిలుక అవుతుందండీ అంటే, అయ్యాక రమ్మనండి అన్నారు.

మర్నాడు పొద్దున్నే పంపు వీపున తగిలించుకుని ఒకతను వచ్చాడు. నిండుగా పూసిన మొక్క మీద, తుమ్మెదలు తిరిగే టైమ్‌లో, తడిసి ముద్దయ్యేలా పురుగుమందు కొట్టి పోయాడు. అతన్ని అనేదేముంది, చెప్పింది చేశాడు. పంపించినవాళ్లున్నారే, వాళ్లంతా చదువుకున్నవాళ్లు, ఎండాకాలం వస్తే నూజివీడు రసాలు డజన్ల లెక్కన తెప్పించుకుని గ్రూపులో ఫొటోలు పెట్టేవాళ్లు. మామిడి పూత ఎట్లా కాయవుతుందనుకుంటున్నార్రా, మీ ఫైబర్ బొమ్మలు వెళ్లి చేసొస్తాయా? ఈగో తేనెటీగో వచ్చి వాలాలి. గుమ్మడికాయకైనా అంతే, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. ఆ మోసేవాళ్లని పొద్దున్నే లేచి మందు కొట్టి చంపి, సాయంత్రం 'ఐ లవ్ నేచర్' ముందు నిలబడి పళ్లికిలిస్తారు, సిగ్గుండాలి.

నెల తిరిగేసరికి మెయింటెనెన్స్ బిల్లొచ్చింది, అందులో 'గార్డెన్ పెస్ట్ కంట్రోల్' అని కొత్త లైను, నా తుమ్మెదల్ని చంపినందుకు నా వాటా. కట్టేది లేదు. లిఫ్ట్ పక్కన అంటించే డిఫాల్టర్ల లిస్టులో నా ఫ్లాట్ నంబర్ కూడా ఎక్కించుకోమనండి, కావాలంటే బోల్డ్‌లో వేసుకోమనండి.