అనంతపురం వానకు త్రీడీ కొండలు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఈ లోటును దేవుడు తీర్చలేదు, మేఘమథనం తీర్చలేదు, పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ తీర్చింది. మండలాల లెక్కలు 540 నుంచి 560 దాకా ఉన్నాయనుకోండి. వాటిని త్రీడీ ఉపరితలం గీసే ప్లాట్_సర్ఫేస్‌కు అప్పజెబితే ఎత్తు చూపే జెడ్ అక్షం తనంతట తానే 540 దగ్గర మొదలవుతుంది, 20 మిల్లీమీటర్ల తేడా పెనుకొండంత లేస్తుంది. "ఏంది సామీ, మా ఊర్లో ఇంత కొండ ఎప్పుడు లేసింది?" అని ఏ రైతైనా అడిగితే ప్రొజెక్టర్ ఆపేయడం ఉత్తమం. ఆ అక్షానికి హద్దులు పెట్టే సెట్_జెడ్‌లిమ్(0, 600) అని ఒక్క లైను రాస్తే కొండ కాస్తా జొన్నరొట్టె అయిపోతుంది. ఆ లైను సంగతి పైవాళ్లకు తెలియనివ్వకండి.

కడప జిల్లా వాళ్లకు గండికోట ఉంది కాబట్టి ఇంత కష్టం లేదు. త్రీడీ బొమ్మ కూర్చునే డబ్బా కొలత (పొడవు, వెడల్పు, ఎత్తు) మామూలుగా 4:4:3. పొడవూ వెడల్పూ పది కిలోమీటర్లు, ఎత్తు తేడా 100 మీటర్లు అయితే నిలువు 75 రెట్లు సాగుతుంది. గండి పాతాళం దాకా పోతుంది, టూరిజం పోస్టరుకు అంతకన్నా ఏం కావాలి! నిజం కావాలనే మొండివాళ్లు మూడు అక్షాలనూ మీటర్లలోకి మార్చి అక్షాల నిష్పత్తి చెప్పే సెట్_యాస్పెక్ట్‌కు 'ఈక్వల్' ఇస్తారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.6కు ముందు వెర్షన్లలో అదీ కుదరదు.

గండి కనబడాలంటే ఎన్ని వరసలు, ఎన్ని నిలువు వరసలు గీయాలో చెప్పే ఆర్‌కౌంట్, సీకౌంట్ కూడా చూడాలి. రెండూ మామూలుగా 50. 500 వరసల ఎత్తుల పట్టిక ఇచ్చారా, పదేసి గళ్లు కలిపి ఒకే పలక, దానికి ఒకే రంగు. పెన్నా ఆ రంగులో కరిగిపోతుంది. పోనీ రెండూ 500 చేద్దామంటే దాదాపు రెండున్నర లక్షల పలకలు. ల్యాప్‌టాప్ ఫ్యాను మే నెల కర్నూలు కూలర్‌లా అరుస్తుంది. 100 పెడితే మధ్యే మార్గం. ఇంకో మెలిక: ఎత్తును బట్టి రంగులేసే సీమ్యాప్ ఇస్తే షేడింగ్ (వెలుగునీడలు) పనిచేయదు. రంగూ నీడా రెండూ కావాలంటే వెలుగు పడే దిక్కును లెక్కగట్టే లైట్‌సోర్స్‌తో రంగులు కట్టి, పలకల రంగులు తీసుకునే ఫేస్‌కలర్స్‌కు ఇవ్వాలి.

అసలు అద్భుతం నేల కింద నీటిమట్టాన్ని రెండో పొరగా గీసినప్పుడు జరుగుతుంది. ఈ లైబ్రరీ ఒక పొర మొత్తం వేశాకే ఇంకో పొర వేస్తుంది, ఏది ముందో ఒక్కో పొరకు ఒకే దూరం లెక్క చూసి తేలుస్తుంది. దాంతో కొన్ని కోణాల్లో బోరు నీళ్లు కొండ మీదికి వచ్చి పారతాయి. వెయ్యి అడుగులు తవ్వి అప్పులపాలైన వాళ్లకు చూపించదగ్గ దృశ్యం. ఈ వరసను తనంతట తానే తేల్చే కంప్యూటెడ్_జెడ్‌ఆర్డర్‌ను ఫాల్స్ చేసి వరస మీరే చెప్పవచ్చు గానీ, పొరలు ఒకదాన్నొకటి కోసుకుంటే అదీ చేతులెత్తేస్తుంది. అక్కడ పైవిస్టా లాంటి అసలైన త్రీడీ లైబ్రరీ పట్టాల్సిందే.

ఇక ఊళ్ల పేర్లు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావు శాన్స్ ఫాంటులో తెలుగు లేదు, పేరుకు బదులు డబ్బాలొస్తాయి. నోటో ఫాంటు పెడితే అక్షరాలొస్తాయి గానీ, పాత వెర్షన్లలో 'కర్నూలు'కు నవత్తు ఊడి పక్కన కూర్చుంటుంది. జెడ్ పేరు అంచున తెగిపోతే సెట్_బాక్స్_యాస్పెక్ట్‌లో జూమ్ 0.85 చేయండి.

ఇన్ని తిప్పలూ పడ్డాక చూపు కోణాలైన ఎలెవ్ 90, అజిమ్ మైనస్ 90 పెట్టి నెత్తి మీదినుంచి చూస్తే ఏ మండలంలో ఎంత వానో మొదటిసారి సరిగ్గా అర్థమవుతుంది. చదును బొమ్మలో రంగు పట్టీలు వేసే కాంటూర్‌ఎఫ్ ఆ పనిని ఒక్క లైన్లో చేస్తుంది. కాకపోతే దాన్ని మీటింగులో మౌసుతో గిర్రున తిప్పలేం.