సవరణ: విటమిన్ డి పొట్లం రోజుకొకటి కాదు, వారానికొకటి
నల్లగొండ జిల్లాలో పెద్ద వయసు స్త్రీల ఎముకల బలహీనత గురించి ఇంతకుముందు రాసినప్పుడు, 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాన్ని 8 వారాలపాటు రోజూ పాలలో కలిపి తాగాలని పొరపాటున పేర్కొన్నాను. లోపం ఉన్నట్లు రక్తపరీక్షలో తేలినవారికి వైద్యులు సాధారణంగా వారానికి ఒక్కటే రాస్తారు. ఈ విటమిన్ కొవ్వులో కరిగి ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి, మోతాదు మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం కలగడమే కాక మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. నా మాట నమ్మి రోజూ వాడుతున్నవారు వెంటనే ఆపి వైద్యులను కలవవలసిందిగా వేడుకుంటున్నాను. ఇంకొకటి వదిలేశాను: మర్రిగూడ వైపు ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీరు తాగినవారికి నడుము బిగుసుకుపోవడానికి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుపోయి వచ్చే జబ్బు) కారణం కావచ్చు, ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు కనుక, తాగిన నీటి సంగతి వైద్యులకు ముందే చెప్పాలి.