ప్యామ్ అంటే పాస్‌వర్డ్ రీసెట్ ఉద్యోగమా?

మా ఊరి కుర్రాడికి హైదరాబాద్‌లో ఒక బ్యాంకు టెక్నాలజీ సెంటర్ నుంచి ఆఫర్ వచ్చింది, ప్యామ్ టీమ్‌లో. ప్యామ్ అంటే ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్. సర్వర్లు, డేటాబేస్‌ల మీద సర్వాధికారాలున్న అడ్మిన్ అకౌంట్లు ఎవరి చేతికి వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి అన్నది చూసే పని. సంతకం పెట్టే ముందురోజు వాడు నాకొక వాట్సాప్ మెసేజ్ పంపాడు. చాన్నాళ్లుగా గ్రూపుల్లో తిరుగుతున్నదే: "ప్యామ్‌లో చేరకండి. అది పాస్‌వర్డ్ రీసెట్ పని. నమ్మకమైన అడ్మిన్లుంటే దాని అవసరమే లేదు. టూల్ ఒకసారి పెడితే అంతా అదే చూసుకుంటుంది. ఆడిట్ కోసం పెట్టుకుంటారంతే. క్లౌడ్ వచ్చింది కాబట్టి రెండేళ్లలో పోతుంది." దాని కింద వాడి ప్రశ్న: "అన్నా, వదిలేయమంటావా?"

పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

పాస్‌వర్డ్ రీసెట్ పని అన్నారు. రీసెట్ చేసేది సాఫ్ట్‌వేర్, దానికి ఒక్క సెకను చాలు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ రాసి ఉందో కనిపెట్టడం మా పని. నేను చేరిన మొదటి ఏడాది ఒక శనివారం రాత్రి పదకొండున్నరకి ఒక సర్వీస్ అకౌంట్ (మనుషులు కాక ప్రోగ్రాములు వాడే అకౌంట్) పాస్‌వర్డ్ మార్చాను. దాన్ని వాడే సర్వర్ల జాబితాలో ఒకటే ఉంది, అప్లికేషన్ ఓనర్ మెయిల్‌లో సరే అన్నారు, వాల్ట్‌లో (పాస్‌వర్డ్‌లు దాచి మార్చే మా సాఫ్ట్‌వేర్‌లో) పచ్చ టిక్ కూడా వచ్చింది. ఇరవై నిమిషాల్లో అకౌంట్ లాక్ అయింది. అన్‌లాక్ చేస్తే మళ్లీ లాక్. దాని మీద ఆధారపడ్డ రోజు ముగింపు బ్యాచ్ (ఆ రోజు లెక్కలు మూసే ప్రోగ్రాముల వరుస) ఆగిపోయింది, ఆపరేషన్స్ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు లాగిన్ రికార్డుల్లో ఎవరికీ తెలియని ఒక సర్వర్ పేరు దొరికింది. ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి దాని మీద పెట్టిన షెడ్యూల్డ్ టాస్క్ (టైముకు తనంతట తానే నడిచే ప్రోగ్రాము) పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూనే ఉంది. తప్పు నాది. జాబితాను నమ్మాను, లాగిన్ రికార్డులు చూడలేదు.

ఇప్పుడు ఏ సర్వీస్ అకౌంట్‌నైనా ముట్టుకునే ముందు ఒక క్వార్టర్ ముగింపు దాటేవరకు అది ఎక్కడెక్కడి నుంచి లాగిన్ అవుతోందో గమనిస్తాం, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు మూడు నెలలకొకసారే నడుస్తాయి. పైగా నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రోజుకు 24 గంటలూ నడుస్తున్నాయి. అన్నీ ఆపుకుని మార్చుకునే రాత్రి అంటూ మిగల్లేదు. కాబట్టి ఒకే పనికి రెండు అకౌంట్లు పెట్టి, ఒకటి వాడుకలో ఉండగా రెండోదాని పాస్‌వర్డ్ మారుస్తాం. అప్లికేషన్ కొత్తదానికి మారిందని చూసుకున్నాకే పాతదాని జోలికి వెళ్తాం.

నమ్మకమైన అడ్మిన్లుంటే చాలన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగింది గుర్తు చేసుకోండి. అంతకు ముందు నవంబరులో ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. వాటిని నొక్కినవాళ్ల కంప్యూటర్ల ద్వారా దొంగలు లోపలికి వచ్చి, సూపర్ యూజర్ అధికారాలు చేజిక్కించుకుని, 12 కోట్లకు పైగా సొమ్మును వందకు పైగా ఖాతాల్లోకి మళ్లించారు. అలాంటి బ్యాంకులో ఇద్దరో ముగ్గురో సూపర్ యూజర్లుంటే సరిపోయేదానికి పదిమంది ఉన్నారని, కొందరి పాస్‌వర్డ్‌లు ఒకటేనని పోలీసులు చెప్పారు. మెయిల్ నొక్కిన ఉద్యోగి దొంగ కాదు. మోసపోయాడు. మంచి అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే సర్వర్‌కు తేడా తెలియదు. అదే అధికారం పని ఉన్నప్పుడు మాత్రమే, ఇంకొకరు ఆమోదిస్తే, రెండు గంటలకు మాత్రమే ఇచ్చి, తర్వాత పాస్‌వర్డ్ మారిపోతే దొంగకు చాలా దారులు మూసుకుపోతాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. సెషన్ రికార్డింగ్ (అడ్మిన్ స్క్రీన్ మీద చేసేదంతా రికార్డు చేయడం) అనగానే అడ్మిన్లు మొహం ముడుచుకుంటారు, తమ మీద నిఘా పెట్టారని. మా దగ్గర ఒకసారి ఒక టేబుల్ చెరిగిపోయి, అనుమానమంతా ఒక డీబీఏ (డేటాబేస్ అడ్మిన్) మీదికి వెళ్లింది. రికార్డింగ్ తీసి చూస్తే ఆయన ఆ టేబుల్ తెరవనే లేదు. అప్పటిదాకా ఆయన పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

టూల్ పెడితే చాలన్నారు. 2022 సెప్టెంబరులో ఊబర్‌లో చొరబడ్డవాడికి నెట్‌వర్క్ షేర్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌లో) ఒక పవర్‌షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు రాసిన ఫైల్, దొరికింది. అందులో ఉన్నది ప్యామ్ టూల్ అడ్మిన్ పాస్‌వర్డే. తాళాలన్నీ బీరువాలో పెట్టి, బీరువా తాళం గుమ్మానికి తగిలించినట్టయింది. 2024 డిసెంబరులో బయటపడిన అమెరికా ట్రెజరీ శాఖ చొరబాటు జరిగింది ప్యామ్ కంపెనీ బియాండ్‌ట్రస్ట్ రిమోట్ సపోర్ట్ సేవకు చెందిన దొంగిలించిన కీ (ప్రోగ్రాములకు పాస్‌వర్డ్ లాంటిది) ద్వారానే. టూల్‌కు కూడా కాపలా కావాలి. వాల్ట్ పడిపోయిన రోజు సీల్ వేసి ఉంచిన అత్యవసర అకౌంట్ నిజంగా పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించి ఉండాలి.

ఆడిట్ కోసమే అన్నదాంట్లో కొంత నిజముంది. రిజర్వ్ బ్యాంకు అడగకపోతే చాలాచోట్ల బడ్జెట్ రాదు. ఐటీ గవర్నెన్స్ మీద దాని మాస్టర్ డైరెక్షన్ (నిబంధనల పత్రం) 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, మహేష్ బ్యాంకుకు 2023లో 65 లక్షల జరిమానా వేసింది కూడా రిజర్వ్ బ్యాంకే.

క్లౌడ్ వస్తే ఈ పని పోతుందా? 2019లో క్యాపిటల్ వన్ నుంచి 10 కోట్ల మందికి పైగా వివరాలు పోయింది క్లౌడ్‌లోనే. సరిగా అమర్చని ఒక ఫైర్‌వాల్, దానికి అవసరానికి మించి ఇచ్చిన అధికారం. క్లౌడ్‌లో మనుషుల అకౌంట్లకన్నా ప్రోగ్రాముల కీలే ఎక్కువ, ఇప్పుడు ఏఐ ఏజెంట్లకూ కీలిస్తున్నారు. మా పని పెరిగింది.

ఆ మెసేజ్‌లో చెప్పని కష్టాలూ ఉన్నాయి. రాత్రి మార్పులుంటాయి, అప్లికేషన్ ఓనర్లతో వాదనలుంటాయి. రోజంతా టికెట్లు మూయడం తప్ప ఏమీ నేర్పని టీములు కూడా ఉన్నాయి. అలాంటి చోట చేరినవాళ్లే ఆ మెసేజ్ రాసి ఉంటారు.

అందుకే తమ్ముడికి ఒక్క మాట చెప్పాను. ఇంటర్వ్యూ చేసిన మేనేజరుకు ఫోన్ చేసి, సర్వీస్ అకౌంట్ల రొటేషన్ (ఎప్పటికప్పుడు పాస్‌వర్డ్ మార్చడం) ఎవరు చేస్తారో అడగమన్నాను. అడిగాడు. "మేమే చేస్తాం, కానీ ఇంకా సగం కూడా వాల్ట్‌లోకి రాలేదు" అన్నారట. అంటే నేర్చుకునే అసలు పని అక్కడ చాలా ఉంది. సోమవారం చేరుతున్నాడు.