సెక్రటరీ గారి అటక మీది హైదరాబాదు

హైదరాబాదుకు విరాళం పంపాలంటే విదేశాల్లోని మన తెలుగు సంఘాలకు ముందు గుర్తొచ్చేవి బడి గది, మంచినీళ్ల ప్లాంటు, విగ్రహం. వద్దనను. ఈసారి ఆ పద్దులో కొంత పాత కాగితాలకు తీయమంటాను. నవాబుల కాగితాలకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, మొగలుల నాటి పత్రాలు కూడా అక్కడ ఉన్నాయి. నేనడిగేది బస్తీ మహిళా మండళ్లు, కాలనీ సంక్షేమ సంఘాలు, పీస్ కమిటీల మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, కరపత్రాలు, మున్సిపాలిటీకి పెట్టుకున్న అర్జీల నకళ్ల గురించి.

సంఘానికి సొంత గది ఉండదు కాబట్టి ఇవన్నీ సెక్రటరీ గారింట్లోనే ఉంటాయి. ఆయన దిగిపోయాక కొత్తాయనకు రబ్బరు స్టాంపు, పాస్‌బుక్, నడుస్తున్న పుస్తకం అందుతాయి. పాతవి అటకెక్కుతాయి. ఇల్లు అపార్ట్‌మెంటుకిచ్చిన రోజున పాత పేపర్లవాడు కిలోల లెక్కన తూచుకుపోతాడు. సంఘాల రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరేది కార్యవర్గం జాబితా, జమాఖర్చులు. ఎవరు దేనికి పోట్లాడారో అందులో ఉండదు.

పాతబస్తీలో ఒక మహిళా మండలి పుస్తకం చూశాను. నల్లా తెల్లవారుజామున మూడింటికి వదిలితే ఎవరు లేస్తారు, ఆరు దాటాక వదలాలి అని తీర్మానం. రాసింది తెలుగులో. కింద సంతకాలు కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో, ఒకటి మరాఠీలో, తక్కినవన్నీ వేలిముద్రలు. ఒక్కో ముద్ర పక్కన ఎవరో గుర్తు రాసిపెట్టారు: 'టైలర్ భార్య', 'కిరాణా కొట్టు వెనకాల ఇల్లు'. పేజీ అంచున చాయ్ ఖర్చు. గంగా జమునా తెహజీబ్, అంటే హిందూ ముస్లింల కలగలుపు సంస్కృతి మీద వేదికలెక్కి మనం దంచే ఉపన్యాసాల్లో ఇంత రుజువు నేనెప్పుడూ వినలేదు.

హైదరాబాదు దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి, 1911లో మన్య సంఘం పెట్టారు, దళిత పిల్లలకు బళ్లు నడిపారు. ఆయన పేరు చరిత్రకెక్కింది. అలాంటి బడికి నెలనెలా చందా వేసిందెవరు, చోటిచ్చిందెవరు అంటే జవాబు చెప్పేవి రసీదు పుస్తకాలే. 1967లో నగరంలో బస్తీల బాగు కోసం మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు సంగతీ అంతే. ఆఫీసు నివేదికలో బస్తీ మనుషులు 'లబ్ధిదారులు'. వాళ్ల పేర్లు, పేచీలు వాళ్ల పుస్తకాల్లోనే దొరుకుతాయి.

అలాగని పెట్టెలు కట్టి మనముంటున్న దేశాలకు తెచ్చుకోవద్దు. అబ్దుస్ సమద్ ఖాన్ ఒంటిచేత్తో పోగేసిన ఉర్దూ పుస్తకాలను కొనడానికి షికాగో విశ్వవిద్యాలయం వంటివి పూనుకున్నా, ఆ సేకరణ హైదరాబాదు దాటలేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉంచారు. 2000 ఆగస్టు వరద అక్కడి పుస్తకాలనూ వదల్లేదు. నకలు తీసి ఇంకోచోట పెట్టుకోవాలి గానీ అసలు మాత్రం ఆ ఊళ్లోనే, ఆ సంఘం పేరు మీదే ఉండాలి.

ఫోన్‌తో ఫొటోలు కొట్టి డ్రైవ్‌లో పడేస్తే సరిపోదా అంటారు మన ఐటీ మిత్రులు. సరిపోదు. ఏ బస్తీ, ఏ ఏడు, ఎవరి చేతిరాత అన్నది రాసిపెట్టకపోతే వెయ్యి ఫొటోలున్నా వెతుక్కోవడానికి పనికిరావు. ఉర్దూ గొలుసుకట్టు చదవగల పెద్దవాళ్లకు కూలి గిట్టించి ఇప్పుడే కూర్చోబెట్టాలి. స్కానర్ రేపైనా కొనొచ్చు.

ఇంకొకటి, అన్నీ ఇంటర్నెట్లో పెట్టేయొద్దు. మొగుడు కొట్టాడని మండలికి చెప్పుకున్న ఆడమనిషి కాగితం, కర్ఫ్యూ రోజుల్లో ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారో రాసిన జాబితా సంఘం బీరువాలో తాళం కింద ఉండాల్సినవి. ఏది చూపాలో ఆ బస్తీవాళ్లే తేల్చాలి. డబ్బిచ్చాం కదా అని మనం అడక్కూడదు.

వచ్చే మహాసభల బడ్జెట్లో దీనికో పద్దు రాయమని కార్యవర్గానికి నా విన్నపం. శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరింపు ఉండదు. దాతలకు ఆ సంగతి ముందే చెప్పేద్దాం.