ఫండీకి ఆర్వీలో వెళ్తున్నారా? ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి

కెనడాలోని ఫండీ నేషనల్ పార్క్‌కి ఆర్వీలో (లోపలే వండుకుని, పడుకునే వీలున్న పెద్ద బండి) వెళ్తే ఒక్క రోజు చాలని ఒక ట్రావెల్ వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. కనీసం రెండు రాత్రులు ఉండండి. అక్కడ చూడాల్సింది సముద్రపు ఆటుపోట్లే. ఆటు నుంచి పోటుకి ఆరు గంటల పైనే పడుతుంది, ఆ వేళలు కూడా రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ఆర్వీ నిలిపే సైట్ బుక్ చేసే ముందే పట్టిక చూసుకోవాలి.

మేం అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి, ఈ పార్క్ ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లోకి వెళ్ళాం. అక్కడ టైమ్ ఒక గంట ముందుంటుందని మర్చిపోయాం. హోప్‌వెల్ రాక్స్ అనే తీరపు రాళ్ళ దగ్గర, ఆటులో నీళ్ళు తగ్గాక సముద్రం అడుగున నడవాలనుకున్న సమయంలో గంట పోయింది, ఒకటే టెన్షన్!

పార్క్ పక్కనే ఉన్న ఆల్మా ఊరి రేవు మాత్రం తప్పక చూడండి. పొద్దున వెళ్తే చేపల పడవలు నీళ్ళు లేని నేల మీద కూర్చుని ఉన్నాయి, పైకి చూస్తే రేవు గోడ మేడంత ఎత్తు. మధ్యాహ్నానికి అవే పడవలు మా కళ్ళ ఎదురుగా తేలుతున్నాయి. మా పాప నమ్మలేదు, వేరే పడవలంది. ఉయ్యాలని సరిగ్గా ఊపు మీద తోసినట్టు, అట్లాంటిక్ పోటు ఈ ఫండీ అఖాతం సహజ లయతో కలుస్తుంది కాబట్టే నీళ్ళు అంత ఎత్తుకి లేస్తాయి. అఖాతం కొసన మైనస్ (Minas) బేసిన్‌లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది.

ఇంకొకటి. పార్క్ లోంచి ఆల్మాకి దిగే 114 రోడ్డు బాగా వాలు. పెద్ద ఆర్వీ అయితే బ్రేక్ మీదే ఆధారపడకుండా తక్కువ గేర్‌లో దిగండి.