అప్పగింతల్లో అన్యాపదేశం

సినిమా పాటలో లోపలి అర్థం తవ్వడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక ఫోను, అందులో పల్లవి మాత్రమే ఉన్న ముక్క, రెండు గ్లాసుల టీ, చటుక్కున లేచిపోవడానికి వీల్లేని ఒక శ్రోత ఉంటే చాలు. పర్లాకిమిడిలో శ్రోతకి కొదవ లేదు. గుణుపురం బండి కోసం స్టేషన్లో కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు పాపం!

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనున్న పాతపట్నం ఇటు, తెలుగువైపు ఉండిపోయింది. పెళ్లిసంబంధాలకి మాత్రం ఆ గీత ఏనాడూ అడ్డం రాలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఆయన అంత కష్టపడి తేలిక చేసిపెట్టిన తెలుగుని మళ్లీ జటిలం చేసే బాధ్యత వీధికొక బాబాయి చొప్పున పంచుకున్నారు.

బాబాయి పద్ధతి ఇదీ. పాటలో చెట్టు వస్తే అది చెట్టు కాదు, పిట్ట వస్తే పిట్ట కాదు. కాకపోతే మరేమిటి? జీవాత్మ. రెండో పిట్ట కూడా వస్తే పరమాత్మ. మూడోది వస్తే బాబాయి టీ తాగుతాడు. దీనికి అన్యాపదేశమని శాస్త్రీయమైన పేరు కూడా ఉంది: ఒకదాన్ని చెబుతున్నట్టు కనిపిస్తూ ఇంకొకదాన్ని చెప్పడం. మన కవులు నిజంగానే వాడిన పనిముట్టు అది. కాకపోతే పనిముట్టు చేతిలో ఉంది కదా అని కనబడ్డ ప్రతి గోడకీ మేకు కొట్టడమే చిక్కు.

ఉదాహరణకి చంద్రుడు. ఫలానా పాటలో కవి ‘చందమామ’ అనకుండా ‘జాబిలి’ అని ఎందుకన్నాడు? బాబాయి లెక్కలో జాబిలి అంటే విరహం, చందమామ అంటే బాల్యం, శశి అంటే వేదాంతం. అసలు సంగతి మాత్రల్లో, అంటే మాట పలకడానికి పట్టే కాలపు కొలతలో ఉంది. చాలా పాటలకి ముందు బాణీ వస్తుంది, మాట తర్వాత వస్తుంది. సంగీత దర్శకుడు ‘తననాన’ అంటూ పాడి ఇచ్చిన ఖాళీల్లో కవి మాటలు కూర్చాలి. ‘శశి’ రెండు మాత్రలు, ‘జాబిలి’ నాలుగు, ‘నెలరాజు’ అయిదు, ‘చందమామ’ ఆరు. నాలుగు మాత్రల చోట చందమామని కూర్చోబెడితే సగం చంద్రుడు తాళం బయట వేలాడతాడు. కవి జాబిలి అన్నది విరహంతో కాదు, జాగా లేక. పైస్థాయిలో స్వరాన్ని సాగదీసే చోట ‘ఆ’కారం పడే మాట కోసం వెతుకులాట కూడా ఇలాంటిదే. గాయకుడికి నోరు తెరుచుకోవాలి కదా. అక్కడ పడ్డ ‘రావా’లో బాబాయికి ఉపనిషత్తు వినబడితే కవి తప్పేం లేదు.

జాబితా పాటల్లో అసలు తవ్వకూడదు. 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’లో చంద్రబోస్ పేర్చినవి ఊరికే ఊరి వాసనకి పనికొచ్చే వస్తువులు. పోట్లగిత్త పోట్లగిత్తే, మిరపతొక్కు మిరపతొక్కే. ఆ తొక్కు కారంలో వలసపాలన మీద వ్యంగ్యం ఉందని ఒక సాయంత్రమంతా వాదించవచ్చు. సాయంత్రమే దండగ.

మొగలిపొదతో మాత్రం ఈ వైపున జాగ్రత్తగా ఉండాలి. పక్కనున్న గంజాం జిల్లాలో మొగలిపువ్వుని రాగి డేగిశాల్లో కాచి అత్తరు తీస్తారు. ఆ పరిమళమంతా మగపువ్వుదే. పాటలో నాయికని మొగలిపువ్వుతో పోల్చి, అందులో సౌగంధ్యానికి నాలుగు రకాల గూఢార్థాలు లాగుతున్న బాబాయిని, బరంపురం నుంచి వచ్చిన అత్తరు వ్యాపారి ఒక్క ముక్కతో కూర్చోబెట్టగలడు.

ఇవన్నీ టీకొట్టు దగ్గర జరిగినంతకాలం ఎవరికీ నష్టం లేదు. బాబాయి చేతికి పెళ్లిలో బ్యాండువాళ్ల పాటల చీటీ ఇస్తేనే ప్రమాదం.

ఒక పెళ్లిలో అలాగే ఇచ్చారు. చీటీలో అన్నీ కుదిరాయి. గౌరీపూజకి భక్తిపాట, జీలకర్ర–బెల్లం దగ్గర హడావిడి మేళం, తలంబ్రాలకి ఈలపాట. అప్పగింతల దగ్గర బాబాయి ‘రాలిపోయే పువ్వా’ అని రాశాడు. భాష్యం కూడా సిద్ధం. పువ్వంటే పెళ్లికూతురు. రాలడమంటే పుట్టింటి కొమ్మ నుంచి విడిపోవడం. రాగాలెందుకే అంటే ఏడవకమ్మా అని ఓదార్పు. తోటమాలి తోడు లేడంటే కన్నతండ్రి కూతురితోపాటు కారెక్కడు కదా! ఒక్క మాటా వృథా పోలేదు. ఇంత చక్కగా అతికిన అర్థం తప్పు కావడానికి వీల్లేదనిపిస్తుంది. అనుమానించాల్సింది సరిగ్గా అప్పుడే.

పాలలో ముంచిన పిల్ల చేతిని అత్తగారి చేతిలో పెడుతున్నారు. క్లారినెట్ అందుకుంది. ఆడవాళ్లంతా పద్ధతి ప్రకారం కళ్లు ఒత్తుకున్నారు. రెండో పాదానికి వచ్చేసరికి పాతపట్నం నుంచి వచ్చిన పెళ్లికొడుకు పెద్దమ్మ ఏడుపు ఆపేసింది. కొంగు కిందికి దించి బ్యాండు వైపు చూసింది.

“ఎవుడ్రా ఈ పాట ఎట్టమన్నాడు? మా బుల్లోడు ఇంకా కారయినా ఎక్కలేదు, అప్పుడే తోటమాలి లేడేటి?”

ఆవిడ సినిమా చూసింది మరి. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో నాయిక భర్త హత్యకు గురవుతాడు, ఆమెకి రక్త క్యాన్సర్, కన్నబిడ్డల్ని ఒక్కొక్కరినీ పెంపకానికి ఇచ్చేస్తుంది. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టిన పాట అది. కీరవాణి స్వయంగా పాడాడు. అందులో తోటమాలి కన్నతండ్రి కాదు, మొగుడు. ఈ ఒక్క చుట్టరికం మారేసరికి మంగళవాద్యం కాస్తా మరోటైంది.

“మేం మాటలేవీ వాయించలేదమ్మా, రాగం ఒక్కటే వాయించాం” అన్నాడు బ్యాండు మాస్టారు. న్యాయంగా చూస్తే నిజమే. క్లారినెట్‌కి తెలుగు రాదు. కానీ పాతికేళ్లకి పైగా జనం నోట నానిన పాటకి మాటల్ని మూత పెట్టి దాచడం కుదరదు, మెట్టు వినగానే వాటంతటవే లేచి వస్తాయి. సినిమా చూడని ఒడియా చుట్టాలకి మాత్రం ఆ బెడద లేదు. వాళ్లు కళ్లు మూసుకుని తలలూపి, “ఆఉ థరే, ఆఉ థరే” అని మళ్లీ వాయించమన్నారు. పెద్దమ్మగారి ముఖం చూసి బ్యాండు మాస్టారు వాళ్ల కోరిక వినబడనట్టు డప్పు అందుకోమన్నాడు.

ఇలాంటి చోట దెబ్బ తినేది ఎప్పుడూ పల్లవిని నమ్ముకున్నవాళ్లే. పల్లవి ఎక్కడైనా ఒదిగేలా ఉంటుంది. కథలో ఆ పాట ఎందుకొచ్చిందో చరణాల్లో బయటపడుతుంది. అందుకని చీటీలో ఎక్కించే ముందు చరణాలు రెండూ పూర్తిగా వినాలి. తెర మీద ఎవరు పాడుతున్నారో, పాటకి ముందు సీనులో ఎవరు పోయారో కనుక్కోవాలి. ఎవరైనా పోయి ఉంటే అక్కడితో ఆపెయ్యాలి, భాష్యం ఎంత బాగున్నా సరే. పోయినవాళ్లు ఎవరూ లేరని తేలినా, పేటలో అరవై దాటిన ఒక ఆవిడకి వినిపించి చూడాలి. “బాగుంది నాయనా” అంటే ఖాయం చేసుకోవచ్చు. “అయ్యో” అంటే కొట్టెయ్యాలి. వీడియో ఎడిటింగు కుర్రాడికి కూడా ఈ సంగతి చెప్పాలి, లేకపోతే బ్యాండు ఆపేసిన పాటని అతగాడు ఆల్బంలో అతికించి శాశ్వతం చేస్తాడు.

బాబాయి మాత్రం ఒక పట్టాన వదల్లేదు. సాక్ష్యానికి ఏకంగా సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడి కావ్యప్రకాశాన్ని దించాడు. సూర్యుడు అస్తమించాడు అన్న ఒక్క వాక్యం ఉందనుకోండి, అదే మాట పశువుల కాపరికి మందని తోలుకుపొమ్మని వినబడుతుంది, పనివాడికి పని చాలించమని, సంధ్య వార్చేవాడికి వేళైందని, ప్రియుడి కోసం చూసే అమ్మాయికి ఇంకేదోనని. ఎవరి అర్థం వాళ్లది, కాబట్టి తోటమాలి విషయంలో కూడా తన అర్థం తనదేనని చెప్పబోతుండగా కారు హారన్ మోగింది.

పెద్దమ్మ అంతా వింది. “నిజమే బాబూ, పొద్దు గూకిపోనాది. ఇంక అరగంటలో ఒర్జ్యం ఒచ్చెస్తాది. నీ మిగతా అర్థాలు పదార్రోజుల పండక్కి ఒచ్చి సెప్పు గాని, ముందు గుంటని కారెక్కించు.”